తొమ్మిది గుట్లు, ఒక్క మీట

తెలుగు పంతులు ఏ వార్త చదివినా విషయం వదిలి మాట దగ్గరే ఆగిపోతాడని ఒక అపవాదు ఉన్నది. దానిని నిలబెట్టుకుంటూ ఒక చిన్న పదచర్చతోనే మొదలుపెడతాను.

2025 నవంబరు 28న కేంద్ర టెలికాం శాఖవారు ఒక ఆదేశం జారీ చేశారు. ఈ దేశంలో అమ్మే ప్రతి కొత్త సెల్లుఫోనులోనూ ‘సంచార్ సాథీ’ అనే యాపును ముందుగానే ఎక్కించి ఉంచాలన్నారు. తయారీదారులకు 90 రోజుల గడువిచ్చారు. పోయిన ఫోనును వెతికి పట్టుకోవడానికీ, మన పేరిట ఎవరో తీసుకున్న సిమ్ములను కనిపెట్టడానికీ ఆ యాపు ఉపయోగపడుతుందన్నారు. ఉపయోగపడదని నేననను. నా పేచీ అంతా పేరుతోనే. హిందీలో ‘సంచార్’ అంటే సమాచార ప్రసారం. తెలుగులో సంచారమంటే తిరుగుడు. హిందీవారికి అది కబుర్లు మోసే నేస్తం. మనకు మాత్రం ఎక్కడికి పోతే అక్కడికి వెంటబడి వచ్చే తోడు. చిత్రమేమిటంటే, తెలుగు రాని రాష్ట్రాలవారికి కూడా ఈసారి తెలుగు అర్థమే ముందుగా స్ఫురించింది! దేశమంతటా గగ్గోలు లేచింది. ఇష్టం లేనివారు తీసివేసుకోవచ్చునని మంత్రిగారు సర్దిచెప్పారు. చివరకు డిసెంబరు 3న తప్పనిసరి అన్న మాటనే ఉపసంహరించుకున్నారు. వెరసి ఆరు దినాల సంచారం.

ఈ ఉదంతం చదువుతున్నప్పుడు, బడిలో పిల్లలకు చెప్పిన ఒక పాత సుభాషితం నాకు మనసులో మెదిలింది. మనిషి యత్నపూర్వకంగా దాచుకోవలసినవి తొమ్మిది అని అందులో ఉంది: ఆయువు, విత్తం, ఇంటి లొసుగు, మంత్రం, ఔషధం, దాంపత్య సుఖం, దానం, మానం, అవమానం. ఆరవది వచ్చినప్పుడు పంతుళ్ళందరం ‘పెద్దయ్యాక మీకే తెలుస్తుంది’ అని దాటవేసేవాళ్ళం. ఈ జాబితా కూర్చిన మహానుభావునికి సెల్లుఫోను తెలియదు, ఆధారు తెలియదు. అయినా, ఈనాటి కంపెనీలు మన దగ్గర సేకరించదలచిన వస్తువులన్నిటికీ ఆయన ఏనాడో చిట్టా రాసిపెట్టాడని నాకనిపిస్తున్నది. దాచుకోమని ఆయన ఇచ్చిన పట్టికనే వారు దోచుకోవడానికి వాడుకుంటున్నారు. కావాలంటే వరుసగా చూడండి.

మొదటిది ఆయువు. పుట్టిన తేదీ దాచుకోవడమనే మాటకు ఇప్పుడు అర్థమే లేదు. నా పుట్టినరోజు ఉదయం అందరికంటే ముందు ఆశీర్వదించేది బ్యాంకు, తరువాత బట్టల కొట్టు. కన్నపిల్లల వంతు ఆ తరువాత. తేదీతో సరిపెట్టుకుంటే బాగుండేది. అమెరికాలో ‘23అండ్‌మీ’ అనే కంపెనీ, ఉమ్మి నమూనా పంపితే మీ వంశమెక్కడిది, మీకు రాగల జబ్బులేమిటి అన్నది చెబుతానన్నది. కోటిన్నర మంది పంపారు. 2023లో దొంగలు పడి సుమారు 69 లక్షల మంది వివరాలు పట్టుకుపోయారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. ఇల్లు, బంగారం వేలం వేయడం విన్నాం. తాతముత్తాతల నెత్తురు ఆస్తుల జాబితాలోకి ఎక్కి బేరానికి రావడం ఇప్పుడే వింటున్నాం. ఇందులో మరో చిక్కున్నది. ఉమ్మి ఒకరిదే గాని అందులోని రహస్యం వంశమంతటిది. అమెరికాలో ఉన్న తమ్ముడు సరదాపడితే, అనకాపల్లిలో ఉన్న అన్నగారి గుట్టు కూడా సగం బయటపడినట్టే. మన గోత్రప్రవరలు ఎంతో నయం. పెళ్ళిపీటల మీద చెప్పి ఊరుకుంటాము.

రెండవది విత్తం. పూర్వం పూలమ్మే ఆవిడ సాయంత్రం ఇంటికి పోయి, కొంగుముడి విప్పి లెక్క చూసుకునేది. ఇప్పుడు మా వన్ టౌనులో కురుపాం మార్కెట్టు దగ్గర నిలబడితే, కొట్ల ముందున్న చిన్న చిన్న పెట్టెలు ఇరవై రూపాయలు వచ్చాయనీ, నూటపది వచ్చాయనీ తెలుగులో బిగ్గరగా చాటుతూ ఉంటాయి. 2016లో యూపీఐ వచ్చాక చిల్లర బాధ తీరిన మాట నిజమే. చిల్లరతో పాటు చాటు కూడా పోయింది. కొట్టువాడి రాబడి వీధికి తెలిసిపోయింది. నేను ఏ పూట ఎక్కడ ఏమి కొన్నానో ఏ ఊరిలోని ఏ యంత్రానికో తెలిసిపోయింది.

మూడవది ఇంటి లొసుగు. తరతరాలుగా మన చీపురు చేసిన మహోపకారం ఊడ్చిపెట్టడం ఒక్కటే కాదు, దానికి కళ్ళు లేకపోవడం కూడా. ఇప్పుడు తనంతట తానే తిరిగి ఊడ్చే యంత్రానికి కెమెరా పెట్టారు. ‘రూంబా’ అనే అటువంటి చీపురు 2020లో ప్రయోగదశలో ఉండగా తీసిన చిత్రాలు, వాటిలోని వస్తువులకు పేర్లు తగిలించే పని మీద వెనిజులా దేశపు కూలిపనివారి చేతికి చేరాయి. వారు వాటిని తమ సామాజిక మాధ్యమ బృందాలలో పంచుకున్నారు. స్నానాలగదిలో మరుగుదొడ్డి మీద కూర్చున్న ఒక స్త్రీ చిత్రం కూడా వాటిలో ఉన్నదని 2022 డిసెంబరులో ‘ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ’ బయటపెట్టింది. ఆ యంత్రాలను ఇంట పెట్టుకున్నవారందరూ సమ్మతిపత్రం ఇచ్చినవారేనని కంపెనీవారు చెప్పారు. ఈ ‘సమ్మతి’ అన్న మాటను కాస్త గుర్తుపెట్టుకోండి. దాని పని తరువాత పడుతుంది.

పొరుగు దేశాల దాకా ఎందుకు? 2018 ఏప్రిల్‌లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో దాదాపు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులమతాల వివరాలతో సహా ఎవరైనా చూసుకునేలా దర్శనమిచ్చాయి. పేదవాడికి ఇల్లు కట్టిచ్చేవారే గోడ కట్టడం మరచిపోయారు.

నాలుగవది మంత్రం. ఇక్కడ మంత్రమంటే ‘ఓం’కారాలు కావు; ఆంతరంగికమైన ఆలోచన. మంత్రి, మంత్రాంగం అన్న మాటలు అక్కడినుంచి వచ్చినవే. ఈనాడు జనం తమ మంత్రాంగమంతా చాట్‌జీపీటీతో జరుపుతున్నారు. భార్యకు చెప్పని మాట, వైద్యునికి చెప్పని బాధ దానికి చెబుతున్నారు. 2025 జూలై చివర, అటువంటి సంభాషణలు కొన్ని గూగుల్ వెతుకులాటలో బాహాటంగా కనిపించడం మొదలైంది. స్నేహితునికి చూపిద్దామని లంకె తయారుచేసుకున్నవారు, పక్కనే ఉన్న ఒక చిన్న గడిలో టిక్కు పెట్టడమే అందుకు కారణం. ఆ గడికి అర్థం ‘ఇది లోకానికంతటికీ కనబడవచ్చు’ అని. గగ్గోలు పుట్టగానే కంపెనీవారు ఆ సదుపాయాన్ని తొలగించారు. గోడలకు చెవులుంటాయని మన పెద్దలన్నారు గాని, ఆ చెవులకు నోరు కూడా ఉంటుందని వారూహించలేదు.

అయిదవది ఔషధం. 2018 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వపు ‘అన్న సంజీవిని’ చవకమందుల దుకాణాల వెబ్‌సైటులో, ఎవరు ఏ మందు కొన్నారో పేరుతో, ఫోను నంబరుతో సహా లోకానికి కనిపించింది. ఆ కొన్నవాటిలో పడకగదికి సంబంధించిన మాత్రలు కూడా ఉండడంతో పత్రికలకు పండగయింది. సంజీవిని కోసం వెళ్ళిన హనుమంతుడు పర్వతాన్ని పెకలించి తెచ్చాడే గాని, అది ఎవరికోసం తెస్తున్నాడో దారిపొడుగునా చాటలేదు. నవ్వుకోవచ్చు. కాని ఆ జాబితాలో క్షయరోగి ఉండవచ్చు, మనోవ్యాధికి మందు వాడుతున్న కుర్రవాడు ఉండవచ్చు. పెళ్ళిచూపుల వేళ ఆ ఒక్క వరుస చాలు, ఒక జీవితం తలకిందులు కావడానికి.

ఆరవదానికి మా ఊరే సాక్ష్యం. మా వన్ టౌనునుంచి చూస్తే రేవు కాలువకు ఆవల డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. 2019 డిసెంబరులో ఆ కొండ పేరిటే ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ అని రాష్ట్ర నిఘా విభాగంవారు, కేంద్ర, నౌకాదళ నిఘావర్గాలతో కలిసి ఏడుగురు నావికులను అరెస్టు చేశారు. ఫేసుబుక్కులో పరిచయమైన వలపుకత్తెలకు నౌకల రాకపోకల వివరాలు చెప్పారన్నది అభియోగం. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాలలో, నౌకల మీద స్మార్టుఫోన్లనూ ఫేసుబుక్కునూ నిషేధించింది. విషకన్యల కథ చాణక్యుని కాలంనుంచి వింటున్నదే. అప్పటి విషకన్య కనీసం కోటలోకి నడిచి రావలసివచ్చేది.

ఏడవది దానం. కుడిచేత ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదన్నారు. నేడు ఆసుపత్రి మంచం మీది రోగికి ఇచ్చే ఒక్క అరటిపండును ఆరుగురి కుడిచేతులు పట్టుకుంటాయి. ఏడవవాని చేతులు రెండూ ఫోను పట్టుకుంటాయి. ఇక్కడ గుట్టు పోయింది దాతది కాదు, పుచ్చుకున్నవాడిది. ఆ ఫొటోకు ఒప్పుకుంటావా అని అతణ్ణి అడిగినవారు లేరు.

ఇంతవరకు నవ్వుతూ వచ్చాను. ఎనిమిది, తొమ్మిది – మానము, అవమానము – దగ్గర నవ్వు ఆగిపోతుంది.

కరోనా కాలంలో పనులు పోయి చేతులాడనివారికి, ‘అయిదు నిమిషాలలో అప్పు’ అంటూ యాపులు పుట్టుకొచ్చాయి. పూచీకత్తు అక్కరలేదు, సంతకం అక్కరలేదు. దించుకునేటప్పుడు మాత్రం ఫోనులోని పేర్లూ నంబర్లూ, ఫొటోలూ చూసే అనుమతి అడుగుతాయి. తాకట్టు పెట్టించుకున్నది అదే. అక్కరపడ్డవాడు అది తాకట్టని తెలియక మీట నొక్కాడు. వాయిదా తప్పగానే అతని మేనమామకు, చదువు చెప్పిన పంతులుకు, పని ఇచ్చే యజమానికి ఫోన్లు వెళ్ళాయి. ‘వీడు దొంగ’ అంటూ చిత్రాలు వెళ్ళాయి. తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు ఇటువంటి ముఠాల మీద దాడులు చేసి పలువురిని పట్టుకున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాపులు ఫోనులోని పేర్ల పట్టికనూ, ఫొటోలనూ, మాట్లాడిన కాల్సు చిట్టానూ ముట్టుకోరాదని మార్గదర్శకాలిచ్చింది. అయినా 2024 డిసెంబరులో మా విశాఖపట్నంలోనే ఒక యువకుడు, తన భార్య ఫొటోను అసభ్యంగా మార్చి బంధుమిత్రులకు పంపిన యాపువారి వేధింపు భరించలేక మరణించాడు. మిగిలి ఉన్న బాకీ 2,000 రూపాయలని పత్రికలు రాశాయి.

‘నేనేమీ తప్పు చేయలేదు, నాకు దాచుకోవలసినది ఏముంది?’ అని దర్జాగా అనేవారికి నేను చెప్పేది ఈ కథే. ఆ యువకుడు దాచుకోవలసిన తప్పేదీ చేయలేదు. అతని ఫోనులో ఉన్నవి అందరి ఫోన్లలోనూ ఉండేవే: ఇంటివారి ఫొటోలు, అయినవారి నంబర్లు.

ఇక రెండవ వాదం. ‘మన పల్లెల్లో, పాత పేటల్లో ఈ గోప్యత ఎప్పుడున్నది మాస్టారూ, ఇదంతా పడమటి సరుకు’ అంటారు. ఈ మాట వన్ టౌనులో ఉండే నాతోనా అనడం! రేవుకూ, మూడు మతాల గుడి, దర్గా, చర్చి ఉన్న మూడు కొండలకూ నడుమ ఇరుక్కున్న పేట మాది. ఒక ఇంట పోపు వేస్తే మూడిళ్ళలో తుమ్ముతారు. ఎవరి అబ్బాయి ఏ వేళకు ఇల్లు చేరాడో బురుజుపేట అమ్మవారికంటే ముందు ఎదురింటి పిన్నిగారికి తెలుస్తుంది. నిజమే. కాని ఆ పిన్నిగారు నన్నెరుగుదురు, నేను పిన్నిగారిని ఎరుగుదును. ఆవిడ కొడుకు తప్పిన పరీక్షలు నాకూ తెలుసు. మాట జారితే మర్నాడు గుమ్మంలో నిలబడి అడగవచ్చును. పైగా పిన్నిగారికి పండగ వస్తే పాత సంగతులు మరపుకు వస్తాయి. ఈ కంపెనీకి మరపు లేదు, గుమ్మం లేదు. అది నన్ను చూస్తుంది. నేను దానిని చూడలేను.

మనకు గోప్యత తెలియదనడం కూడా అన్యాయమే. ‘పాత పోస్టాఫీసు’ అని బస్సు స్టాపుకే పేరున్న పేట మాది గనుక తపాలా ఉదాహరణే ఇస్తాను. క్షేమసమాచారం కార్డు మీద రాసేవాళ్ళం. పోస్టుమాను చదివినా నష్టం లేదు. అమ్మాయి కాపురంలో కలతల గురించి ఇన్‌లాండు కవరులో రాసి, అంచులు తడిపి అంటించేవాళ్ళం. ఏది కార్డు, ఏది కవరు అన్నది రాసేవాడి ఇష్టం. గోప్యత అంటే నాకు తెలిసినంతలో ఇంతే: దేనిని ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే అధికారం మన చేతిలో ఉండడం. ఈనాటి యంత్రాలు లాగేసుకున్నది ఆ నిర్ణయాధికారాన్ని.

న్యాయస్థానాలు ఈ సంగతి గుర్తించాయి. బ్యాంకులో ఉన్న ఖాతాదారుల కాగితాలను అధికారులెవరైనా వచ్చి తనిఖీ చేసుకోవచ్చునంటూ స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సవరణ చెల్లదని, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కెనరా బ్యాంకు మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004లోనే తీర్పు చెప్పింది. కాగితం పరుల చేతికి వెళ్ళినంత మాత్రాన దాని మీది గుట్టు పరులది కాదన్నది ఆ తీర్పు సారం. తరువాత 2012లో, కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న కె.ఎస్. పుట్టస్వామిగారు 86 ఏళ్ళ వయసులో ఆధారు మీద సుప్రీంకోర్టు గడప తొక్కారు. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించింది. నవగోప్యాలకు తొమ్మిదిమంది న్యాయమూర్తులు! రిటైరైనవారికి ఇక పనేమిటని అడిగేవారికి పుట్టస్వామిగారి పేరు చెప్పండి.

ఆ తీర్పు వెలుగులో 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది; 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడ్డాయి. కంపెనీలు మన సమ్మతి ఎలా అడగాలో చెప్పే భాగానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా. అదే చట్టంలో సమాచారహక్కు చట్టాన్ని సవరించే ముక్క ఒకటున్నది. ప్రభుత్వం వద్దనున్న వ్యక్తిగత సమాచారాన్ని ‘ఇవ్వము’ అనడం దానితో సులభమైంది. ఆ ముక్క మాత్రం ప్రకటన వెలువడిన వెంటనే అమలులోకి వచ్చింది. మన గుట్టుకు పద్దెనిమిది నెలలు, సర్కారు గుట్టుకు తెల్లవారే లోగా!

విమర్శ అలా ఉంచితే, ఈ చట్టంలో తెలుగువాడు కళ్ళకద్దుకోవలసిన వాక్యం ఒకటున్నది. సమ్మతి కోరుతూ ఇచ్చే నోటీసు స్పష్టమైన, సరళమైన భాషలో ఉండాలి. దానిని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలి. ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. నా దృష్టిలో ఈ చట్టానికి ప్రాణం ఇక్కడే ఉన్నది.

‘సమ్మతి’ అన్న మాటలో ‘మతి’ ఉన్నది. మతితో కూడినదే సమ్మతి. చదవలేని భాషలో నలభై పుటల ఒప్పందం చూపించి, అడుగున నీలిరంగు మీట పెట్టి, నొక్కనిదే ముందుకు పోనివ్వనప్పుడు, ఆ నొక్కడంలో వేలు ఉన్నది గాని మతి లేదు. దానిని వేలిముద్ర అనవచ్చును, సమ్మతి అనరాదు. నిశానీ వేయించుకుని పొలాలు కాజేసిన వడ్డీవ్యాపారుల కథలు చదివి ఆగ్రహించిన తరం మనది. ఇంజినీరింగు చదివిన పిల్లలు కూడా ఇప్పుడు రోజుకు పదిసార్లు నిశానీ వేస్తున్నారు.

ఆ అప్పుల యాపు మొదటి తెర మీద ఇలా రాసి ఉన్నదనుకోండి: ‘మీ ఫోనులో ఉన్న అందరి నంబర్లూ, మీ ఇంటి ఆడవారి ఫొటోలూ మేము తీసుకుంటాము. బాకీ ఆలస్యమైతే వారికి ఫోను చేస్తాము.’ ఇంత తెలుగులో చెప్పి ఉంటే ఎంతమంది ఆ మీట నొక్కేవారు? మోసగాడు ఎలాగూ ఇలా రాయడు. కాని నిజాయితీపరులందరూ తేటతెలుగులో రాసే అలవాటు ఏర్పడితే, రాయనివాడే మోసగాడని పోల్చుకోవడం మనవాళ్ళకు సులువవుతుంది.

నా భయమల్లా ఒక్కటే. కంపెనీలు యంత్రంతో అనువాదం చేయించి, అక్షరాలు తెలుగువై అర్థం దేవుడికే తెలిసిన నోటీసులు మన మొహాన కొడతాయేమోనని. ‘కుకీలను ఆమోదించండి’ అంటే బిస్కెట్ల సంగతేమోననుకునే పెద్దలు మన ఇళ్ళలో ఉన్నారు. ఇక్కడే, మిత్రులారా, మీతో పని పడింది. తెలుగు అక్షరం తెరమీద కనిపించని రోజుల్లో లేఖినిలో ఒక్కొక్క ముక్కా కొట్టి, ‘టపా’ అందామా, ‘లంకె’ అందామా అని రాత్రుళ్ళు వాదించుకున్నవారు మీరు. ఆ శ్రద్ధలో పదోవంతు ఇప్పుడు ఈ ఒప్పందాల మీద పెట్టండి. మీ బ్యాంకును, మీ ఫోను కంపెనీని, మీ మందుల యాపును ‘నోటీసు తెలుగులో ఇవ్వండి’ అని రాతపూర్వకంగా అడగండి. గడువుందంటే, ఆ గడువులోగా సిద్ధం చేయమనండి. వచ్చిన తెలుగు అర్థం కాకపోతే సరిదిద్ది తిప్పి పంపండి. ఎర్రసిరా కలాలు ఇంకా నా దగ్గర చాలా ఉన్నవి, కావలసినవారికి పంచగలను.

మా ఊరివాళ్ళకు ఈ పని మరీ అవసరం. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో బ్రహ్మాండమైన సమాచార కేంద్రం పెడతామని, సముద్రగర్భపు తంతులను ఈ తీరానికి చేరుస్తామని ప్రకటించింది. రానివ్వండి, సంతోషమే, పిల్లలకు నాలుగు ఉద్యోగాలు వస్తాయి. 1933లో రేవు తెరచిన నాటినుంచీ ఓడల సరుకుతో బతికిన ఊరు ఇది. ఏ సరుకు ఎవరిది, ఎక్కడ ఎక్కింది, ఎవరికి చేరాలి అన్న పత్రం లేనిదే ఇక్కడ మూట కదలదు. రేపు ఆ తంతుల మీద దిగబోయే సరుకు మన ఆయువు, మన విత్తం, మన ఔషధం, మన మానం. దానికి కూడా ఒక పత్రం కావాలనీ, అది మనం చదవగల భాషలో ఉండాలనీ అడగడం అత్యాశ కాదనే నా అభిప్రాయం.

మీరేమంటారు?